పాత వీసీఆర్ విప్పి చూడాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద అప్పుడప్పుడూ పాత వీసీఆర్‌లు, అంటే వీడియో క్యాసెట్ రికార్డర్లు, విప్పుతుంటాం. ఇంజనీరింగ్ పిల్లలు వస్తారు, రిటైరైన టీచర్లు వస్తారు, అటక దులుపుతుంటే దొరికిన మిషన్‌ను సంచిలో పెట్టుకుని చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. అందరూ అడిగేవి దాదాపు ఇవే. కొన్నింటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. లోపల తిరిగే డ్రమ్ము గురించి అడిగితే మాత్రం నేను త్వరగా ఆగను, ముందే చెబుతున్నా.

ఏ వీసీఆర్ విప్పొచ్చు? ఏది విప్పకూడదు?

పనిచేస్తున్నదాన్ని విప్పకండి. చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. కొత్తది ఇక రాదు. ఇంట్లో పెళ్లి క్యాసెట్టో, తాతగారి షష్టిపూర్తి క్యాసెట్టో ఒక్కటున్నా ముందు దాన్ని డిజిటల్‌లోకి మార్పించుకోండి, రెండు చోట్ల దాచండి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టండి.

విప్పడానికి పనికొచ్చేది హెడ్ (టేపు మీద బొమ్మను రాసే, చదివే చిన్న ముక్క) అరిగిపోయినది, డిస్‌ప్లే వెలగనిది, ఇంట్లో ఎవరికీ అక్కర్లేనిది. వీసీపీ అయినా పర్వాలేదు. అందులో రికార్డింగ్ ఉండదు గానీ ఆడించే యంత్రాంగం ఇదే. మన వైపు కువైట్ నుంచి వచ్చినవి, చెన్నై బర్మాబజార్‌లో కొనుక్కొచ్చినవి ఎక్కువగా కనిపిస్తాయి. 1980ల నాటి బరువైన మోడల్ దొరికితే అదృష్టం. లోపల లోహపు భాగాలు పెద్దపెద్దగా, విడివిడిగా కనిపిస్తాయి. 1990ల చివరివి తేలిగ్గా ఉంటాయి, ప్లాస్టిక్ గేర్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. చూసి నేర్చుకోవడానికి కొంచెం ఇరుకు.

ప్లగ్ తీసేశాం కదా, ఇంకా షాక్ కొడుతుందా?

కొట్టొచ్చు. పాత టీవీలో ఉండే వేల వోల్టులు ఇందులో లేవు, నిజమే. కానీ చాలా మిషన్లలో ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లై ఉంటుంది. మన 230 వోల్టుల ఏసీ అందులో డీసీగా మారేసరికి దాదాపు 325 వోల్టులవుతుంది. దాన్ని పట్టి ఉంచే పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా ఛార్జ్‌ను వెంటనే వదలదు. ఏదైనా పాడైన మిషన్ అయితే ఇంకా ఎక్కువసేపు పట్టుకుని ఉంటుంది. అందుకే ప్లగ్ తీసి ఒక రోజు పక్కన పెట్టండి. ఆ తర్వాత కూడా మల్టీమీటర్‌తో చూసుకునే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపి ‘టప్’మనిపించడం కొందరు మెకానిక్‌లకు అలవాటు. పిల్లల ముందు ఆ పని అసలు వద్దు, వాళ్లు రేపు ఇంట్లో అదే చేస్తారు.

పవర్ సప్లై సాధారణంగా ఒక మూలన రేకు డబ్బాలోనో, చిల్లుల మూత కిందో ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండానే చూడాల్సిందంతా చూడొచ్చు.

ఇంకొకటి. అమెరికా నుంచి వచ్చిన మిషన్ అయితే వెనక రాసింది చదివాకే ప్లగ్ పెట్టండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన కరెంటుకు తట్టుకోదు.

ఏం పనిముట్లు కావాలి?

మంచి స్టార్ స్క్రూడ్రైవర్లు రెండు సైజులవి, నోస్ ప్లయర్, ట్వీజర్, మల్టీమీటర్, టార్చి. స్క్రూలు వేసుకోవడానికి గుంటలున్న ఇడ్లీ ప్లేటు చాలా బాగా పనికొస్తుంది, ఒక్కో గుంటలో ఒక్కో భాగం స్క్రూలు. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

మూత ఎలా వస్తుంది? లాగితే రావట్లేదు.

లాగకండి. పక్కన రెండేసి, వెనక రెండో మూడో స్క్రూలు ఉంటాయి. అవి తీశాక రేకు మూతను కొంచెం వెనక్కి జరిపి పైకెత్తాలి. ముందున్న ప్లాస్టిక్ ప్యానెల్‌కు స్క్రూలు ఉండవు, పైనా కిందా కొక్కేలు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా నొక్కి వదిలించాలి. ముప్పై ఏళ్ల ప్లాస్టిక్ కాబట్టి ఒకటో రెండో విరుగుతాయి, ఏం బాధపడక్కర్లేదు.

లోపల ముందు ఏం చూడాలి?

మెరిసే గుండ్రటి డ్రమ్మును. అది కాస్త ఒరిగి ఉంటుంది. కింద పడేసినందువల్ల వంగిందేమో అని అడుగుతుంటారు. వంగలేదు, దాన్ని అలాగే కూర్చోబెట్టారు. ఎందుకో కింద చెబుతాను.

క్యాసెట్ లోపలికి తోశాక ఏం జరుగుతుంది?

ఇది కళ్లారా చూడాల్సిందే. కరెంటు అక్కర్లేదు. ప్లగ్ తీసే ఉంచి, లోడింగ్ మోటారు పుల్లీని వేలితో తిప్పండి. చాలాసేపు తిప్పాలి, ఓపిక కావాలి.

ముందు క్యాసెట్ ట్రే లోపలికి పోయి కిందికి దిగుతుంది. దిగేటప్పుడు క్యాసెట్ ముందున్న తలుపు పైకి లేస్తుంది, లోపల టేపు బయటపడుతుంది. క్యాసెట్ అడుగున మధ్యలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది చూడండి. మిషన్‌లోని ఒక పుల్ల అందులోకి దూరి రీళ్లకున్న తాళం విడిపిస్తుంది. అందుకే బయట ఉన్న క్యాసెట్ రీలును వేలితో తిప్పితే తిరగదు.

ఆ తర్వాత రెండు నిలువు గైడ్లు టేపు వెనక నుంచి బయల్దేరి, చెరొక కాలువ వెంట డ్రమ్ముకు చెరోపక్కకూ పోతాయి. పోతూపోతూ టేపును లాక్కెళ్లి డ్రమ్ము చుట్టూ సగానికి కాస్త ఎక్కువగా చుడతాయి. పైనుంచి చూస్తే టేపు దారి ఇంగ్లీషు ‘ఎమ్’ అక్షరంలా ఉంటుంది, అందుకే దీన్ని ఎమ్ లోడింగ్ అంటారు. చివరగా రబ్బరు పించ్ రోలర్ వచ్చి, సన్నటి ఉక్కు కడ్డీకి టేపును అదుముతుంది. ఆ కడ్డీ పేరు క్యాప్‌స్టన్. టేపు వేగాన్ని నిర్ణయించేది అదే. రీళ్లు లాగుతాయని చాలామంది అనుకుంటారు, కుడివైపు రీలు చేసేది వచ్చిన టేపును చుట్టుకోవడమే.

టేపు వెంట ఎడమ నుంచి కుడికి వేలు చూపిస్తూ వెళ్లండి. ఎడమ రీలు, టేపు బిగువు చూసే చేయి, పాత రికార్డింగ్‌ను చెరిపే హెడ్, ఎడమ గైడ్, డ్రమ్ము, కుడి గైడ్, సౌండ్ హెడ్, క్యాప్‌స్టన్, కుడి రీలు. ఈ వరుస ఒంటబడితే ఏ కంపెనీ వీహెచ్‌ఎస్ (మన ఇళ్లలో ఉండే మామూలు వీడియో క్యాసెట్ రకం) మిషన్ విప్పినా దారి తప్పరు.

డ్రమ్ము ఎందుకు తిరుగుతుంది? అది కూడా ఒరిగి ఎందుకు?

మిషన్ మొత్తంలో అసలు తెలివి ఇక్కడుంది. గేర్లు, బెల్టులు, మోటార్లు అన్నీ దీనికి ఊడిగం చేసేవే.

చిక్కు ఎక్కడుందో లెక్క వేసి చూడండి. బొమ్మ వెలుగు నీడల్ని వీహెచ్‌ఎస్ సెకనుకు 38 లక్షల నుంచి 48 లక్షల సార్లు ఊగే సిగ్నల్‌గా మార్చి టేపు మీద రాస్తుంది. మన దేశపు టీవీ పద్ధతి పేరు పాల్, అందులో టేపు సెకనుకు 2.339 సెంటీమీటర్లే నడుస్తుంది. ఆడియో క్యాసెట్ వేగం 4.76 సెంటీమీటర్లు. అంటే పాటల క్యాసెట్ కంటే సినిమా క్యాసెట్ సగం వేగంతో పాకుతుందన్నమాట! ఆ రెండు చిల్లర సెంటీమీటర్లలో 48 లక్షల ఊపులు ఇరికించాలంటే ఒక్కోదానికి దక్కేది 5 నానోమీటర్ల చోటు. టేపుకు పూసిన అయస్కాంత రేణువులే అంతకంటే పెద్దవి. ఎంత గొప్ప హెడ్ పెట్టినా రాయడం కుదరదు.

పోనీ టేపునే వేగంగా లాగితే? సెకనుకు 4.85 మీటర్లు లాగితే ఒక్కో ఊపుకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) చోటు వస్తుంది, హాయిగా రాయొచ్చు. కానీ మూడు గంటల సినిమాకు 52 కిలోమీటర్ల టేపు కావాలి. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి దాకా పరిచినా ఇంకా మిగులుతుంది.

కాబట్టి టేపును దాని మానాన మెల్లగా పోనిచ్చి, హెడ్లను తిరిగే డ్రమ్ముకు బిగించి పరుగెత్తించారు. డ్రమ్ము వ్యాసం 62 మిల్లీమీటర్లు. పాల్‌లో నిమిషానికి 1500 చుట్లు, సెకనుకు 25. చుట్టుకొలతను 25తో గుణిస్తే 4.87 మీటర్లు. టేపు కూడా అదే దిక్కుకు జరుగుతుంది కాబట్టి ఆ కాస్త తీసేస్తే 4.85. కావలసిన వేగం వచ్చేసింది, మూడు గంటల క్యాసెట్‌లో టేపు మాత్రం 260 మీటర్లకు లోపే.

ఇక ఒరగడం సంగతి. హెడ్ టేపుకు సమాంతరంగా తిరిగితే రాసిన గీత మీదే మళ్లీ రాస్తూ పోతుంది. అందుకని డ్రమ్మును వాల్చి, రోకలికి తాడు ఏటవాలుగా చుట్టినట్టు టేపును చుట్టారు. అప్పుడు హెడ్ ఒక అంచు దగ్గర టేపు మీదికి ఎక్కి, ఏటవాలుగా సాగి, ఇంకో అంచు దగ్గర దిగిపోతుంది. ఈ లోపు టేపు కొంచెం జరుగుతుంది. ఎదురుగా ఉన్న రెండో హెడ్ వచ్చి పక్కనే ఇంకో గీత గీస్తుంది. టేపు వెడల్పు అరంగుళమే అయినా ఒక్కో గీత పొడవు దాదాపు పది సెంటీమీటర్లు, వెడల్పు 49 మైక్రాన్లు, వాలు 6 డిగ్రీలకు దగ్గర. సెకనుకు 50 గీతలు. ఒక్కో గీత అర ఫ్రేము.

తిరిగే హెడ్ ఆలోచన వీహెచ్‌ఎస్‌తో పుట్టింది కాదు. 1956లో అమెరికా కంపెనీ ఆంపెక్స్ టీవీ స్టేషన్ల కోసం చూపించిన మిషన్‌లో రెండంగుళాల టేపుకు అడ్డంగా నాలుగు హెడ్లు తిరిగేవి. జపాన్‌లో జేవీసీ 1976లో మొదటి వీహెచ్‌ఎస్ మిషన్ అమ్మకానికి పెట్టేనాటికి అది మధ్యతరగతి ఇంట్లో టీవీ కింద పట్టేంత చిన్నదయింది.

హెడ్లు ఏవన్నా? నాకు కనపడ్లేదే?

డ్రమ్ము అంచు కింద, చిన్న కిటికీలాంటి ఖాళీలో ఉంటాయి. డ్రమ్మును పైనుంచి పట్టుకుని మెల్లగా తిప్పుతూ టార్చి వేస్తే నల్లటి చిన్న ముక్క మెరుస్తుంది. అది ఫెరైట్, పింగాణీలా పెళుసైన అయస్కాంత పదార్థం. దానిలో ఉన్న చీలిక ఒక మైక్రాన్ కంటే సన్నం, భూతద్దానికి కూడా సరిగా అందదు. వేలు తగిలితే విరుగుతుంది, జాగ్రత్త.

రెండు హెడ్ల చీలికలూ నిలువుగా ఉండవు. ఒకటి 6 డిగ్రీలు ఇటు, ఒకటి 6 డిగ్రీలు అటు వాలి ఉంటాయి. గీతల మధ్య ఖాళీ వదలకుండా ఆనించి రాశారు కదా, పక్క గీతలోకి హెడ్ కాస్త జరిగినా దాని వాలు వేరు కాబట్టి ఆ సిగ్నల్ దీనికి అందదు. ఖాళీ చోటు వదలక్కర్లేకపోవడం వల్లే అంత చిన్న క్యాసెట్‌లో మూడు గంటలు పట్టింది. ఈ ఒక్క చిట్కా నాకు డ్రమ్ము కంటే ఎక్కువ నచ్చుతుంది.

సెకనుకు 25 సార్లు తిరిగితే వైర్లు మెలిపడవా?

వైర్లే లేవు. డ్రమ్ము పైభాగం తిరుగుతుంది, కిందిభాగం కదలదు. రెండింటిలోనూ ఎదురెదురుగా ఫెరైట్ పళ్లేలు, వాటి గాడుల్లో రాగి చుట్లు ఉంటాయి. ఒకదానికొకటి తగలకుండా ట్రాన్స్‌ఫార్మర్‌గా పనిచేసి సిగ్నల్‌ను దాటిస్తాయి. డ్రమ్ము విడదీస్తే ఆ గుండ్రటి గాడులు కనిపిస్తాయి. ఇక్కడే పిల్లలు ‘ఓహ్’ అంటారు.

ట్రాకింగ్ బటన్ తిప్పితే బొమ్మ మీది చారలు ఎందుకు పోతాయి?

49 మైక్రాన్ల గీత మీద హెడ్ సరిగ్గా కూర్చోవాలంటే గీత ఎక్కడ మొదలవుతుందో మిషన్‌కు తెలియాలి. అందుకు రికార్డు చేసేటప్పుడే టేపు కింది అంచు వెంట ఫ్రేముకొకటి చొప్పున, సెకనుకు 25 గుర్తులు పెడతారు. ఆడించేటప్పుడు క్యాప్‌స్టన్ ఆ గుర్తులు చూసుకుంటూ టేపును జరుపుతుంది. ఒక మిషన్‌లో రికార్డు చేసింది ఇంకో మిషన్‌లో వేస్తే గుర్తును చదివే హెడ్‌కూ డ్రమ్ముకూ దూరం వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ట్రాకింగ్ ఆ తేడాను సర్దుతుంది. అద్దె క్యాసెట్ ఇంట్లో వేయగానే నాన్న ఆ చక్రం పట్టుకుని కూర్చునేది అందుకే.

పాజ్ పెడితే బొమ్మలో అడ్డగీత ఎందుకు వచ్చేది?

టేపు ఆగింది, హెడ్ ఆగలేదు. గీతల వాలు టేపు నడుస్తున్నప్పుడు ఏర్పడింది. ఆగిన టేపు మీద హెడ్ దారి కొంచెం మారి, పక్క గీతలోకి పోతుంది. పోయిన చోట బొమ్మ రాదు, చిలకరింత వస్తుంది. నాలుగు హెడ్ల మోడళ్లలో ఇది చాలా తగ్గింది. పాజ్‌లో కొన్ని నిమిషాలుంటే మిషన్ దానంతటదే ఆగిపోవడం రిపేరు కాదు, ఒకేచోట రాపిడికి టేపు పాడవకుండా పెట్టిన ఏర్పాటు.

సౌండ్ ఎక్కడ ఉంటుంది?

టేపు పై అంచున, ఆడియో క్యాసెట్‌లో ఉన్నట్టే పొడవునా తిన్నగా. టేపు అంత మెల్లగా నడుస్తుంది కాబట్టి పాటలు బొంగురుగా వినిపించేవి. హైఫై మోడళ్లలో సౌండ్‌కు కూడా డ్రమ్ము మీదే వేరే హెడ్లు పెట్టారు. వాటి శబ్దం సీడీకి దగ్గరగా ఉంటుంది.

అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్ ఇక్కడ సరిగా ఆడలేదు. క్యాసెట్ చెడిపోయిందా?

లేదు. అక్కడి టీవీ పద్ధతి వేరు, దాని పేరు ఎన్‌టీఎస్‌సీ. వాళ్ల డ్రమ్ము నిమిషానికి 1800 చుట్లు, టేపు సెకనుకు 3.335 సెంటీమీటర్లు, బొమ్మలో 525 లైన్లు. మనది 625. క్యాసెట్ డబ్బా మాత్రం ఒకటే కాబట్టి దూరుతుంది, అదే వచ్చిన తంటా. తర్వాత వచ్చిన కొన్ని మిషన్లు రెండూ ఆడిస్తాయి.

మూత లేకుండా మిషన్ ఆన్ చేస్తే క్యాసెట్‌ను బయటికి తోసేస్తోంది. ఏదైనా పాడు చేశామా?

బహుశా ఎండే కారణం. టేపు మొదట్లో, చివర్లో పారదర్శకమైన ముక్క ఉంటుంది. మిషన్ మధ్యలో ఒక పుల్ల మీద ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, రెండు పక్కలా సెన్సర్లు ఉంటాయి. నల్లటి టేపు అడ్డున్నంతసేపూ వెలుతురు సెన్సర్‌ను చేరదు. చేరిందంటే టేపు అయిపోయిందని లెక్క. మూత తీసేసరికి బయటి వెలుతురు వాటి మీద పడి మిషన్ మోసపోతుంది. కిటికీ మూయండి, లేదా సెన్సర్ల మీద నల్ల టేపు అంటించండి. బాగా పాత మోడళ్లలో ఎల్‌ఈడీ బదులు చిన్న బల్బు ఉండేది. ఆ బల్బు మాడితే మిషనే పనిచేయదు. ఆరోజుల్లో ఎన్ని మిషన్లు ఇంత చిన్న బల్బుకు పెద్ద రిపేరు బిల్లు కట్టించాయో!

కరెంటు పెట్టి మూత లేకుండా నడపడం పెద్దవాళ్ల పని మాత్రమే. పవర్ సప్లై వైపు చేయి పోకూడదు.

వానాకాలంలో ‘డ్యూ’ అని చూపించి ఆగిపోయేది. అదేమిటి?

డ్రమ్ము మీద తేమ పడితే టేపు దానికి అతుక్కుపోతుంది. 1500 చుట్ల వేగంలో అతుక్కుంటే టేపు పని అయిపోయినట్టే. అందుకే డ్రమ్ము దగ్గర తేమను పసిగట్టే చిన్న సెన్సర్ పెడతారు. మనకు నవంబరులో తుపాను వానలు పట్టినప్పుడు ఇలా జరిగేది. ఆన్ చేసి ఉంచితే లోపలి వేడికి కాసేపట్లో ఆరిపోతుంది.

టేపును ఎందుకు నమిలేస్తుంది?

ఎక్కువసార్లు రబ్బరే కారణం. క్యాప్‌స్టన్ టేపును తోస్తూనే ఉంటుంది, కుడి రీలును తిప్పే చిన్న చక్రం రబ్బరు గట్టిపడి జారుతుంది. చుట్టుకునేవాళ్లు లేక టేపు లోపల కుప్పపడుతుంది. మన ఎండలకు బెల్టులు సాగిపోతాయి, కొన్ని జిగురైపోయి చేతికంటుకుంటాయి. పించ్ రోలర్ నున్నగా మెరుస్తుంటే అది కూడా ఆఖరి దశలో ఉన్నట్టు.

చిక్కుకున్న క్యాసెట్‌ను బలంగా లాగొద్దు. ప్లగ్ తీసి, లోడింగ్ మోటారును వెనక్కి తిప్పితే గైడ్లు వెనక్కి వస్తాయి. వేలాడే టేపును క్యాసెట్ రీలు తిప్పి లోపలికి చుట్టాకే ట్రేను పైకి తేవాలి.

హెడ్ క్లీనింగ్ ఎలా చేయాలి? ఇయర్ బడ్ వాడొచ్చా?

వద్దు. దూది పోగు హెడ్‌కు తట్టుకుని ఫెరైట్ ముక్కను విరగ్గొడుతుంది. మెత్తటి తోలు ముక్క గానీ, తెల్లటి మందపాటి కాగితం గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పండి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ పోయినట్టే. పాత మెకానిక్‌లు సీటీసీ (కార్బన్ టెట్రాక్లోరైడ్) అనే ద్రావకం వాడేవారు. అది కాలేయానికి విషం, ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి.

క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ల మీద తెల్లటి మచ్చలున్నాయా? అది బూజు. ఆ క్యాసెట్‌ను మిషన్‌లో పెట్టకండి, హెడ్‌కు పట్టి మిగతా క్యాసెట్లకూ అంటుతుంది.

విడిభాగాలు తిరుపతిలో దొరుకుతాయా?

కొత్తవి కష్టం. బెల్టుల కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడగండి, లోపలి కొలత రాసుకుని వెళ్లండి. హెడ్ డ్రమ్ము కావాలంటే అదే మోడల్ పాడైన మిషన్ ఇంకొకటి వెతుక్కోవడమే దారి.

మళ్లీ బిగిస్తే పనిచేస్తుందా?

మూత, ట్రే వరకే తీస్తే పనిచేస్తుంది. గేర్లు తీస్తే అనుమానమే. వాటి మీద చిన్న చిన్న రంధ్రాలో, బాణం గుర్తులో ఉంటాయి, ఎదురెదురుగా రావాలి. ఒక్క పన్ను తప్పినా గైడ్లు ఒక స్థితిలో, మిషన్ బుర్ర ఇంకో స్థితిలో ఉంటాయి. క్యాసెట్ తీసుకుని, కాసేపు తంటాలు పడి, ఆఫ్ అయిపోతుంది. స్థితిని చెప్పే మోడ్ స్విచ్‌లో మురికి పేరుకున్నా సరిగ్గా ఇలాగే చేస్తుంది. అందుకే గేర్లను అనుమానించే ముందు ఆ స్విచ్ విప్పి తుడవండి. గైడ్ల పైనున్న మరలు మాత్రం తిప్పకండి. వాటిని మళ్లీ సరిచేయాలంటే ఆసిలోస్కోప్, కొలత క్యాసెట్ కావాలి.

విప్పిన సామాన్లు ఏం చేయాలి?

లోడింగ్ మోటారు పిల్లల ప్రాజెక్టులకు పనికొస్తుంది. డ్రమ్ము బేరింగ్ చాలా నాణ్యమైనది, చేత్తో తిప్పి వదిలితే చాలాసేపు తిరుగుతుంది. అందుకే మా పిల్లలు ముందు దానికోసమే కొట్టుకుంటారు. ఇనుప ఛాసిస్ పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు. సర్క్యూట్ బోర్డుల అతుకుల్లో సీసం ఉంటుంది కాబట్టి వాటిని ఈ-వేస్ట్ తీసుకునేవారికే ఇవ్వండి. రాగి కోసం వైర్లు కాల్చేవాళ్లకు ఇవ్వొద్దు, ఆ పొగ పీల్చేది మన వీధివాళ్లే.